బావి కాడి కుక్కపిల్ల మూడో అంతస్తులో అలవాటు పడాలంటే

ప్రశ్న: మాది నల్లగొండ. హైదరాబాద్ రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో కిరాయికి ఉంటున్నాం. నేను టీచర్‌ని, మా ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని చేస్తారు. అత్తమ్మ, తొమ్మిదేళ్ల బాబు మాతోనే ఉంటారు. వేసవి సెలవులు ఇవ్వగానే దేవరకొండ దగ్గర మా నాన్నవాళ్ల ఊరికి పోయాం. బాబు పట్టుబట్టి ఏడిస్తే, బావి కాడి కుక్క ఈనిన పిల్లల్లో ఒకదాన్ని తెచ్చాం. నెలన్నర వయసుంటుంది. చిన్ను అని పేరు పెట్టాడు. మిగతా పిల్లలను అప్పటికే తలా ఒకరు తీసుకుపోయారు. తెచ్చి నాలుగు రోజులైంది, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. రాత్రి బాల్కనీలో పడుకోబెడితే తెల్లవార్లూ ఏడుస్తుంది. హాల్లో, బెడ్‌రూముల్లో ఎక్కడంటే అక్కడ పోస్తుంది. ఆటలో బాబు చెయ్యి కొరికితే గీత పడింది. కింది ఫ్లాటు వాళ్లు రెండుసార్లు వచ్చి చెప్పారు, ఓనర్‌కు కూడా ఫోన్ చేశారట. "బావి కాడ ఉండే కుక్కను మేడ మీద పెడితే అది బతుకుతదా, మనల్ని బతకనిస్తదా" అని అత్తమ్మ అంటున్నది. తిరిగి ఊర్లో వదిలేయాలా? ఉంచుకుంటే ఎట్లా అలవాటు చేయాలి?

— ఒక సోదరి, నల్లగొండ

జవాబు:

అమ్మా, నిద్ర గురించీ నేల మీద తడి గురించీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు బాబు చెయ్యి. గీత పడిందని ఒక్క ముక్కలో రాసి ముందుకు పోయారు. బావి కాడి తల్లి కుక్కకు టీకాలు వేయించి ఉంటే మీరు రాసేవారు. వేయించలేదంటే పిల్ల ఎంత చిన్నదైనా, రక్తం రాకపోయినా, పంటి గీతను కుక్క కాటుగానే చూడాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేసేదేమీ ఉండదు, ముందే టీకా వేయిస్తే ప్రాణం నిలుస్తుంది. ఈ ఉత్తరం చదివిన రోజే బాబును ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. అక్కడ ఉచితంగా వేస్తారు. కొరికి ఇన్ని రోజులైంది కదా అని ఆగిపోవద్దు, ఒక డోసు వేయించి ఊరుకోవద్దు. డాక్టర్ చీటీ మీద రాసిన తేదీలన్నీ పూర్తి చేయాలి. ఇకముందు ఎవరికి పన్ను తగిలినా, గోరు గీరినా వెంటనే నల్లా కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు.

ఇక ఊర్లో వదిలేయడం. మీ నాన్నగారికి అప్పగించడం వేరు, ఊరి బయట దించి రావడం వేరు. రెండోది 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. మొదటిదాని గురించి అయినా ఇప్పుడు నిర్ణయం తీసుకోకండి. నాలుగు రాత్రులు నిద్ర లేని మనిషికి ఏ కుక్కపిల్లా సరిపడదు. పైగా చిన్ను తిరిగి పోయినా తోబుట్టువులు లేరు, ఈ వయసు పిల్లలకు తల్లి కూడా పాలు మాన్పించేస్తుంటుంది. మూడు వారాలు గడువు పెట్టుకోండి. ఈలోపు సెలవులు కాబట్టి మీరూ బాబూ ఇంట్లోనే ఉంటారు. ఏడాదిలో ఇంతకన్నా మంచి సమయం మీకు దొరకదు.

ఎందుకు ఏడుస్తుందో ఒకసారి దాని వైపు నుంచి చూడండి. మొన్నటిదాకా తల్లి పొట్ట పక్కన తోబుట్టువుల మీద పడి, వెచ్చగా, మట్టి మీద పడుకున్నది. ఇప్పుడు కాలు జారే టైల్స్, తెలియని వాసనలు, చీకట్లో ఒంటరి బాల్కనీ. తల్లి కనబడకపోతే గొంతెత్తి ఏడవడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. బావి కాడ తప్పిపోతే ఆ అరుపు విని తల్లి వెతుక్కుంటూ వస్తుంది. మూడో అంతస్తులో ఏడ్చినా అదే ఆశ. అందులో మొండితనం లేదు. "ఏడ్చి ఏడ్చి అదే అలవాటు పడుతుంది" అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. ఆ మాట వినకండి. అలసిపోయి ఊరుకుంటుంది కానీ, ఒంటరిగా ఉండటమంటేనే భయం దానిలో పాతుకుపోతుంది. రేపు మీరు స్కూలుకు పోయినప్పుడు తలుపు గీరేదీ, అపార్ట్‌మెంట్ అంతా వినేలా మొరిగేదీ ఆ భయమే.

కాబట్టి ఈ రాత్రి నుంచే బాల్కనీ మాన్పించి మీ మంచం పక్కకు తెచ్చుకోండి. పెద్ద అట్టపెట్టె ఒకటి తీసుకుని, ముందు వైపు నాలుగు వేళ్ల ఎత్తు మాత్రమే మిగిలేలా కోయండి. అడుగున పాత నూలు చీర మడతలు పెట్టి పరచండి. మంచం మీద నుంచి చెయ్యి కిందికి వేలాడేస్తే దాని వీపుకు తగిలేంత దగ్గరగా పెట్టండి. ఏడుపు మొదలైతే లైటు వేయకుండా, ఎత్తుకోకుండా, మాట్లాడకుండా ఆ చెయ్యి ఒక నిమిషం దాని మీద ఉంచితే చాలు. ఇంకో పని కూడా చేయండి. మీ నాన్నగారికి ఫోన్ చేసి, పాత తువ్వాలు ఒకటి తల్లి కుక్క పడుకునే చోట రెండు రోజులు పరిచి ఉంచమనండి. తర్వాత దాన్ని ఉతక్కుండా కవర్లో పెట్టి, ఇటు వచ్చే ఎవరితోనైనా పంపమనండి. పేలో, గోమార్లో ఉన్నాయేమో దులిపి చూసి పెట్టెలో వేయండి. ఆ వాసనకు పిల్ల ముక్కు దూర్చి పడుకుంటుంది.

రాత్రి దానికి కడుపు ఆగదు. పడుకునే ముందు ఒకసారి, నడి రాత్రి అలారం పెట్టుకుని ఒకసారి, తెల్లవారు జామున ఒకసారి ఎత్తుకుపోయి పోయించాలి. ఏడ్చాక లేస్తే ఏడుపుకు ఫలితం ఉందని నేర్చుకుంటుంది, అందుకే అలారం. నెల తిరిగేసరికి నడి రాత్రిది మానేయవచ్చు. మంచం పక్కన అలవాటైతే జీవితాంతం అక్కడే అంటుందేమోనన్న అనుమానం మీకు రావచ్చు. రెండు వారాలు నిమ్మళంగా పడుకున్నాక పెట్టెను రోజుకో జానెడు చొప్పున మీరు అనుకున్న మూలకు జరుపుతూ పోండి. ధైర్యం వచ్చిన పిల్ల దూరంగానూ పడుకుంటుంది.

పగటి సమస్యలన్నిటికీ నేను చెప్పే మాట ఒక్కటే: చిన్నుకు ఇల్లు చిన్నది చేయండి. మీకు అది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. జానెడు పిల్లకు అదొక ఊరంత. హాలు, గదులు, బాల్కనీ అన్నీ ఒకేసారి వదిలేస్తే ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ పోయాలో, ఏది కొరకకూడదో దానికి ఎలా తెలుస్తుంది? హాల్లో ఒక మూల ఎంచుకోండి. సోఫాను అడ్డం జరిపి, ప్లైవుడ్ ముక్కో పాత టీపాయో పక్కకు పడుకోబెట్టి నాలుగైదు అడుగుల జాగా కట్టండి. ఒక చివర పెట్టె, మధ్యలో నీళ్ల గిన్నె, ఇంకో చివర పోసే చోటు. ఎవరైనా కళ్లు పెట్టి చూస్తున్నప్పుడే బయటికి తీయాలి, వేరే పని పడితే తిరిగి లోపలికి. వారం పాటు ఎక్కడా తప్పు పోయకపోతే హాలు మొత్తం ఇవ్వండి. ఆ తర్వాత ఒక గది. వంటగదీ దేవుడి గదీ ఎప్పటికీ ఇవ్వనక్కర్లేదు.

పోసే చోటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ పిల్ల పుట్టింది మట్టిలో. కుక్కపిల్లలు చిన్నప్పుడు పాదాల కింద ఏది తగిలితే దాని మీద పోవడానికి అలవాటు పడతాయి. న్యూస్‌పేపర్ చిన్నుకు కొత్త. అందుకని పాత ప్లాస్టిక్ టబ్బు ఒకటి అంచు తక్కువగా కోసి, అందులో నాలుగు వేళ్ల మందాన ఎర్రమట్టి పోయండి. రోడ్డు పక్కది తేవద్దు, వీధికుక్కలు తిరిగిన మట్టిలో పార్వో (కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చే జబ్బు) క్రిములు నెలల తరబడి బతికే ఉంటాయి. మొక్కల నర్సరీలో కొనండి. మొదటిసారి అది పోసిన తడి గుడ్డ ముక్క ఒకటి ఆ మట్టి మీద పెడితే వాసన పట్టుకుంటుంది. నిద్ర లేవగానే, తిన్న 10, 15 నిమిషాలకు, ఆట ఆగగానే టబ్బులో దించి ఊరికే నిలబడండి. పని కాగానే మెచ్చుకుని శనగ గింజంత ఉడికించిన చికెన్ నోట్లో పెట్టండి. మెప్పు అక్కడే, అప్పుడే అందాలి. హాల్లోకి వచ్చి ఇస్తే దేనికిచ్చారో దానికి అర్థం కాదు. పైన మట్టి రోజూ కొంత తీసి మార్చండి. టీకాలు పూర్తై కిందికి దింపే రోజు వచ్చేసరికి మట్టి మీద పోయే అలవాటు నిలిచి ఉంటుంది కాబట్టి ఖాళీ జాగాలో సులువవుతుంది.

తప్పు చోట పోస్తే కొట్టడం, అరవడం, ముక్కు పట్టి అందులో రాయడం చేయొద్దు. చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇదే చేయమంటారు. అది నేర్చుకునేది మీరుండగా పోయకూడదని మాత్రమే. ఆ తర్వాత సోఫా వెనక దాక్కుని పోస్తుంది. తుడిచేటప్పుడు ఫినాయిల్ వద్దు. ఆ ఘాటు మన ముక్కును మాత్రమే మోసం చేస్తుంది, దానికి అడుగున ఉన్న వాసన అందుతూనే ఉంటుంది. పాదాలకంటిన ఫినాయిల్ నాకితే ప్రమాదం కూడా. టైల్స్ మీద సగం నీళ్లు, సగం వెనిగర్ కలిపి తుడవండి.

కొరకడం ఈ వయసులో సహజం. తోబుట్టువులతో ఉంటే గట్టిగా కొరికినప్పుడు అవతలిది కీచుమని ఆట ఆపేసేది, దాంతో ఎంత కొరకాలో తెలిసేది. ఆ పాఠం చిన్నుకు సగంలో ఆగిపోయింది, ఇప్పుడు మీ బాబే నేర్పాలి. చేతులతో కాళ్లతో ఆడించడం మానేయమనండి. ముడి వేసిన తడి గుడ్డ చేతికిచ్చి దానితో ఆడించమనండి. పన్ను తగిలిన వెంటనే లేచి పక్కకు పోవాలి, మాటల్లేవు, చూపుల్లేవు. అర నిమిషం తర్వాత మళ్లీ ఆట. పాల పళ్లు పోయి అసలు పళ్లు వచ్చే దాకా, అంటే ఆరు నెలల దాకా కొంత ఉంటుంది, కానీ జోరు తగ్గిపోతుంది. తొమ్మిదేళ్ల పిల్లాడిని కుక్కతో ఒంటరిగా గదిలో వదలొద్దు, కుక్క బాధ్యత మొత్తం వాడిదే అని కూడా అనొద్దు. నీళ్ల గిన్నె కడిగి నింపడం, టబ్బు దగ్గర నిలబడటం, ఈ రెండు పనులు వాడివి. మిగతాది పెద్దవాళ్ల పని.

తిండి విషయానికొస్తే, పాలు పోసి బ్రెడ్డు వేసి ఉంటారు. చాలా పిల్లలకు బర్రె పాలు, ఆవు పాలు పడక విరేచనాలవుతాయి. మెత్తగా ఉడికిన అన్నంలో ఉడికించిన గుడ్డు, ఎముక లేని చికెన్, చెంచా పెరుగు కలిపి రోజుకు నాలుగు పూటలు కొంచెం కొంచెం పెట్టండి. కొనగలిగితే పప్పీల ఫుడ్ నీళ్లలో నానబెట్టి పెట్టడం ఇంకా మంచిది, ఎదిగే ఎముకలకు కావలసింది అందులో సరిపాళ్లలో ఉంటుంది. ఒక్క పట్టున మార్చకుండా నాలుగైదు రోజుల్లో మెల్లగా మార్చాలి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేసిన కూర, కిస్మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు ఎంత మారాం చేసినా పెట్టొద్దు. జ్వరంగా ఉందని మనం వేసుకునే గోళీ సగం విరిచి వేయడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. బోరు నీళ్లు పోయొద్దు. మన జిల్లా ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు, మర్రిగూడ వైపు మనుషులతో పాటు పశువుల పళ్లూ ఎముకలూ దెబ్బతిన్నాయి. మీరు తాగే నీళ్లే దాని గిన్నెలోనూ.

రేపే పశువైద్యుడికి చూపించండి. చేతి మీదే తీసుకుపోయి చేతి మీదే తీసుకురండి, అక్కడ నేల మీద దించొద్దు. బావి కాడి పిల్ల కాబట్టి నులిపురుగుల మందు తప్పనిసరి, బరువు తూచి డాక్టరే మోతాదు చెబుతారు. పార్వోకూ, డిస్టెంపర్ అనే ఇంకో ప్రాణాంతక జబ్బుకూ టీకా ఈ వయసులో మొదలవుతుంది, మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున నాలుగు నెలలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. చెవుల వెనక, కాలి వేళ్ల మధ్య గోమార్లు ఉంటే పట్టుకారుతో చర్మం దగ్గర పట్టి నిదానంగా లాగండి. బర్రెలకు కొట్టే గోమార్ల మందు ఇంట్లో ఉంది కదా అని దీనికి రాయొద్దు, పిల్ల తట్టుకోలేదు. తిండి మానేసి, వాంతులు, నీచు వాసనతో రక్తం కలిసిన విరేచనాలు మొదలైతే తెల్లారనిద్దాం అనుకోకండి. పార్వోలో గంటలు కూడా విలువైనవే. బయట తిరిగిన చెప్పులు గుమ్మం అవతలే విప్పే అలవాటు ఎలాగూ మనకుంది, ఇప్పుడు అది చిన్నుకు కూడా రక్ష.

ఎండ గురించి నల్లగొండ వాళ్లకు నేను చెప్పేదేముంది, మే నెలలో గోడలే నిప్పులు కక్కుతాయి. పగలు బాల్కనీలో పెట్టడం మాత్రం ఒక్క రోజు కూడా వద్దు. కూలర్ గాలి తగిలే గదిలో, ఎదురుగా కాకుండా పక్కగా పడుకోనివ్వండి. నీళ్లు రోజంతా అందుబాటులో ఉండాలి. నాలుక బయటపెట్టి ఆపకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ తూలితే అది వడదెబ్బ. పొట్ట, పాదాలు మామూలు నీళ్లతో తడుపుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి. ఐసు నీళ్లు కుమ్మరించొద్దు. బాల్కనీ గ్రిల్లు సందులు కూడా చూడండి. దాని తల పట్టే సందులోంచి ఒళ్లంతా పడుతుంది, జాలి కట్టించండి.

మీ అత్తమ్మ మాటలో న్యాయముంది. పగలంతా ఇంట్లో ఉండేది ఆమె. అడగకుండా ఒక ప్రాణిని తెచ్చి ఆమె నెత్తిన పెట్టినట్టయింది. దేవుడి గది వైపు రాదని, తుడిచే పని ఆమె మీద పడదని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోండి. ప్రేమించమని అడగొద్దు. కుక్కలను చూసి పెరిగిన మనిషి, నాలుగు పూటలా తిండి వేళ ఆమెకు తెలిసినంత కచ్చితంగా మీకు కూడా తెలియదు. ఆమె సలహా అడగండి, అది చాలు.

కింది ఫ్లాటు వాళ్ల దగ్గరికి మీరే పోండి. పిల్లను తీసుకెళ్లొద్దు. రాత్రి బాల్కనీ నుంచి లోపలికి మార్చామని, రెండు మూడు వారాల్లో ఏడుపు తగ్గుతుందని, టీకాలు మొదలుపెట్టామని చెప్పండి. వాళ్లింట్లో చిన్న పిల్లలుంటే భయం గురించి కూడా వినండి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయినప్పటి నుంచి చాలా ఇళ్లల్లో కుక్క అంటేనే గుండె దడ. ఆ భయాన్ని తీసిపారేయకూడదు. లిఫ్టులో ఎవరైనా ఉంటే ఆగి తర్వాత ఎక్కండి, మెట్ల మీద పోస్తే మీరే తుడవండి. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి: భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ ఒప్పుకున్నా సరే, అపార్ట్‌మెంట్ సంఘం పెంపుడు జంతువులను నిషేధించకూడదు, లిఫ్టు వాడొద్దనకూడదు. కానీ ఆ కాగితం చేతిలో పట్టుకుని మొదటి మాట మాట్లాడకండి. ఓనర్ సంగతి వేరు, కిరాయి ఒప్పందంలో ఏముందో చూసుకుని, వాళ్లకూ మీరే ఫోన్ చేసి చెప్పండి.

ఇంకొక పని ఈ సెలవుల్లోనే కావాలి. మూడు నెలలు దాటేలోపు విన్నవీ చూసినవీ కుక్కకు జీవితాంతం మామూలు విషయాలుగా ఉండిపోతాయి. అందుకని టీకాలు అయ్యేదాకా నాలుగు గోడల మధ్యే ఉంచేయకండి. ఎత్తుకుని సాయంత్రం గడియారం సెంటర్ దాకా పోయి పది నిమిషాలు నిలబడండి, బస్సుల హారన్లు విననివ్వండి. ఇంట్లో కుక్కర్ కూత, మిక్సీ దూరం నుంచి వినిపిస్తూ చికెన్ ముక్క పెట్టండి. దసరా డప్పులకూ దీపావళి టపాసులకూ మంచం కింద దూరే కుక్క కాకుండా ఉంటుంది.

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఆ రోజు ఒక్కసారిగా ఇల్లు ఖాళీ అయితే ఇన్ని రోజుల కష్టం పోతుంది. మనం పెట్టుకున్న మూడు వారాల గడువులో రెండో వారం నుంచే ఒంటరిగా ఉండటం అలవాటు చేయడం మొదలుపెట్టండి. దాని మూలలో నమలడానికి ఏదైనా ఇచ్చి, మీరు పక్క గదిలోకి పోయి నిమిషంలో రండి. తర్వాత ఐదు నిమిషాలు, తర్వాత తలుపు వేసి మెట్ల దాకా. వెళ్లేటప్పుడు ముద్దులూ వీడ్కోళ్లూ వద్దు, వచ్చాక కూడా అది ఎగరడం ఆగిన తర్వాతే పలకరించండి. ఏడిస్తే మీరు తొందరపడ్డారని లెక్క, ముందు రోజు సమయానికి తగ్గండి.

మూడు వారాల గడువయ్యాక కూడా ఇంట్లో పొసగకపోతే నాన్నగారికి అప్పగించండి, అందులో తప్పు లేదు. అయితే టీకాల కార్డుతో, మిగిలిన తేదీలు ఆయనకు రాసిచ్చి పంపండి. ఉంచుకున్నా, పంపినా ఆ బావి కాడి తల్లి కుక్కను మాత్రం మరవకండి. దానికి రేబిస్ టీకా, ఇక ఈనకుండా ఆపరేషన్ రెండూ చేయించమని మీ నాన్నగారికి చెప్పండి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొలి రేబిస్ టీకా ఇచ్చింది మీ బాబు వయసువాడికే, కుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లాడికి. ఏటా ఆ తేదీన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. చిన్నుకు అంతకుముందే, జూన్‌లోనే మూడు నెలలు నిండుతాయి కాబట్టి దానికి అప్పుడే వేయించేయండి. తల్లి కుక్కను జూలై 6న దేవరకొండ పశువైద్యశాలకు తీసుకుపోవడానికి మీ నాన్నగారికి ఒక మనిషి సాయం కావాలి. మీ ఆయనకు వీలు చూసుకోమనండి.